బయానా ఇవ్వకముందు

(ఈ కథనంలోని కోర్టు తీర్పులు, తేదీలు రికార్డుల్లో ఉన్నవి. సూళ్లూరుపేట ఇంటి బేరం మాత్రం ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. ఇలాంటి బేరాల్లో తరచూ ఎదురయ్యే చిక్కులన్నీ కలిపి అల్లిన దృశ్యం అది. అందుకే అందులో ఎవరికీ పేరు పెట్టలేదు.)

2005 ఆగస్టు 4, గురువారం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయం. 1983 జూన్ 21న తన ఆస్తిని రిజిస్టరు దస్తావేజుతో అమ్మేసిన మనిషి, ఇరవై రెండేళ్ల తర్వాత మళ్లీ ఒక దస్తావేజు పట్టుకుని వచ్చాడు. ఈసారి అది అమ్మకం కాదు, రద్దు. అప్పుడు రాసిచ్చిన అమ్మకాన్ని నేనే రద్దు చేసుకుంటున్నానని అందులో ఉంది. కొన్నవాళ్లు పక్కన లేరు. వాళ్లకు నోటీసు వెళ్లలేదు. ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు. ఆయన సంతకం చేశాడు, ఆఫీసువాళ్లు నంబరు వేశారు, ఆ రద్దు సర్కారు పుస్తకంలోకి ఎక్కింది.

మర్నాడు శుక్రవారం. అదే మనిషి, అదే ఆస్తి. ఇంకొకరికి అమ్ముతూ కొత్త దస్తావేజు. అదీ రిజిస్టరైంది.

కొన్నవాళ్ల దగ్గరున్న 1983 నాటి దస్తావేజులో ఒక్క అక్షరం చెరగలేదు. ముద్రలు, సంతకాలు, సాక్షులు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కానీ సర్కారు పుస్తకంలో ఆ ఆస్తి పేజీకి కొత్త యజమాని వచ్చి కూర్చున్నాడు. కొన్నవాళ్ల తరఫున కోర్టు మెట్లెక్కిన పేరు తోట గంగాలక్ష్మి. ఆమె హైకోర్టుకు వెళ్తే, ఇది సివిల్ కోర్టులో తేల్చుకోవాల్సిన సంగతి అన్నారు. అప్పటికే 2006లో యానాల మల్లేశ్వరి కేసులో హైకోర్టు ఫుల్ బెంచ్ మెజారిటీ తీర్పు ఆ దారే చూపించింది. సివిల్ కోర్టు అంటే ఎన్నేళ్లో, ఆ గుమ్మం తొక్కినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గంగాలక్ష్మి ఢిల్లీ దాకా వెళ్లింది. 2010లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఒకసారి అమ్మేశాక ఆస్తి కొన్నవాడిది. అమ్మినవాడికి రద్దు కావాలంటే కోర్టులో దావా వేసుకోవాలి, లేదా కొన్నవాడిని బతిమాలి తిరిగి కొనుక్కోవాలి. తనంతట తాను రద్దు చేసుకునే వీలు ఎక్కడా లేదు. కాబట్టి ఆ రద్దు దస్తావేజుకు విలువే లేదని తేల్చేసింది.

అప్పటికి అయిదేళ్లు గడిచాయి. తప్పు చేయని మనిషి, తనది తనదే అనిపించుకోవడానికి అయిదేళ్లు.

చదివినవాళ్లందరికీ ఒకటే ప్రశ్న వస్తుంది: రిజిస్ట్రారు ఎట్లా ఒప్పుకున్నాడు? జవాబు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ నిబంధనల్లోనే ఉంది. 58వ రూలు ప్రకారం, తన ముందుకొచ్చిన దస్తావేజు చెల్లుతుందా లేదా అని విచారించడం రిజిస్టరు చేసే అధికారి పని కాదు. రాసిచ్చే మనిషికి ఆ హక్కే లేదని ఎవరైనా వచ్చి అడ్డుపడ్డా, ఆ ఒక్క కారణంతో ఆపాల్సిన బాధ్యత లేదు. రాసిచ్చింది ఫలానా మనిషేనా, సంతకం తనదేనని ఒప్పుకుంటున్నాడా, స్టాంపు సుంకం సరిపోయిందా... ఇలాంటివే ఆయన చూస్తాడు. నిషేధిత జాబితాలో ఉన్న భూములను రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద ఆపుతాడు. అంతకు మించి, ఆ ఇల్లు నిజంగా ఎవరిదన్నది ఆ కౌంటరు దగ్గర తేలే విషయం కాదు.

ఈ మాట ఈ మధ్య మరింత గట్టిగా వినిపించింది. సూళ్లూరుపేటకు కొద్ది దూరంలో సరిహద్దు దాటితే తమిళనాడు. అమ్మేవాడు తన హక్కుకు ఆధారంగా పాత పత్రాలు చూపిస్తేనే రిజిస్టరు చేస్తామని అక్కడ ఒక నిబంధన ఉండేది. 2025 ఏప్రిల్‌లో కె. గోపి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. హక్కు తేల్చడం సబ్ రిజిస్ట్రారు పని కాదంది. అదే ఏడాది నవంబరులో, మన తెలుగువారైన జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ బెంచ్ బీహారు కేసులో అదే తేడాను ఇంకోసారి వివరించింది. రిజిస్ట్రేషన్ కాగితానికి గానీ హక్కుకు కాదు. మరి హక్కు ఎవరు చూడాలి? కొనేవాడే చూసుకోవాలి. చదవడం రాని భాషలో, అర్థం కాని పాత దస్తూరీలో ఉన్న యాభై ఏళ్ల కాగితాలను కొనేవాడు ఒంటరిగా చూసుకోవాలి. లాయరు అవసరం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. మన ఊళ్లలో లాయరు గుర్తొచ్చేది మాత్రం ఇంటికి నోటీసు వచ్చిన రోజున.

సూళ్లూరుపేటలో ఇప్పుడు ఇళ్లకు గిరాకీ ఉంది. ఎందుకుండదు? పక్కన శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం, షార్. అక్కడ ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాళ్లు సొంతూరికి పోకుండా పేటలోనే స్థిరపడుతున్నారు. మద్రాసు లోకల్ రైలు ఇక్కడిదాకా వస్తుంది. జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతుంది. తడ, శ్రీసిటీల్లో ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇల్లు కావాలి, అద్దెకిచ్చేవాళ్లకు స్థలం కావాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా మారింది. పాత దస్తావేజుల్లో నెల్లూరు జిల్లా అని ఉంటే కొత్తవాటిలో తిరుపతి జిల్లా. బేరాలు వేగంగా నడుస్తున్నాయి. ఆ వేగమే నన్ను భయపెడుతుంది.

అలాంటి ఒక బేరం సంగతి ఇది.

ఆయన షార్‌లో పనిచేసి రిటైరయ్యారు. కొడుక్కి శ్రీసిటీలో ఉద్యోగం. ఇన్నాళ్లూ క్వార్టర్సులో, తర్వాత అద్దె ఇంట్లో గడిచింది. పేటలో కాళంగి వైపు ఒక పాత మిద్దె అమ్మకానికి వచ్చిందని మధ్యవర్తి చెప్పాడు. ఇరవై అంకణాల స్థలం, ముందు వేపచెట్టు, వెనక బావి. అమ్మేవాళ్లు అన్నదమ్ములు ఇద్దరు. ధర నలభై లక్షల దగ్గర తెగింది. శుక్రవారం చెంగాళమ్మ దర్శనం చేసుకుని గుడి దగ్గరే రెండు లక్షలు బయానా ఇచ్చేద్దామని మాటైంది.

గురువారం రాత్రి ఆయన భార్య అడ్డం తిరిగింది.

“లాయరుకు చూపించకుండా రూపాయి ఇచ్చేది లేదు.”

“ఈసీ తీశాం గదా. ముప్పై ఏళ్లకు క్లీన్‌గా ఉండాది.”

“ఈసీలో ఉండేదే ఈసీలో కనపడతది. లేనిది యాడ కనపడతది?”

మధ్యవర్తి నచ్చజెప్పబోయాడు. “లాయరెందుకమ్మా, డాక్యుమెంట్ రైటరు ఉండాడు గదా, ఆయన చూసుకుంటాడు. వాళ్లు పేటలో పుట్టి పెరిగినోళ్లు, యాడికి పోతారు? మద్రాసు పార్టీ ఒకటి రెడీగా ఉండాది. మీరు వారం లేటు చేస్తే ఇల్లు పోతది.”

ఇల్లు పోతుందన్న భయమే ఇలాంటి బేరాలను నడిపిస్తుంది. ఆ భయంలోనే బయానాలు చేతులు మారతాయి. ఒక్కసారి చేతులు మారాక, ఎన్ని లోపాలు బయటపడ్డా, ఇచ్చిన డబ్బు పోతుందేమోనని కొనేవాడే వాటిని సర్దిచెప్పుకోవడం మొదలుపెడతాడు. ఆమె ఆ రాత్రి గట్టిగా నిలబడకపోయి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది.

ఆమె అన్నమాట చట్టపరంగానూ నిజం. ఈసీ అంటే రిజిస్టరైన లావాదేవీల జాబితా. అంతే. ఇంటి యజమాని చనిపోయాక వారసులు ఎంతమందో అందులో ఉండదు. తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంటు ఉండదు. పెద్దమనుషుల మధ్య నోటిమాటగా జరిగిన భాగపంపకం ఉండదు. కోర్టులో నడుస్తున్న దావా ఉండకపోవచ్చు. దస్తావేజు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు కొన్నిసార్లు కనపడదు. ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే. అంతకు ముందువి ఆఫీసుకు వెళ్లి పాత పుస్తకాల్లో వెతికించాలి.

శనివారం ఉదయం భార్యాభర్తలు, కొడుకు ముగ్గురూ ఒక లాయరమ్మ ఆఫీసుకు వెళ్లారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: “బయానా ఇచ్చేశారా?”

“లేదమ్మా.”

“మంచిపని చేశారు. కూర్చోండి.”

ఆమె కాగితాలను వచ్చిన వరుసలో చదవలేదు. ముందు తేదీల ప్రకారం టేబుల్ మీద పరిచింది. 1978లో అన్నదమ్ముల తండ్రి కొన్న దస్తావేజు. దానికి లింకు డాక్యుమెంటుగా 1961 నాటిది. తండ్రి 2009లో చనిపోయినట్టు సర్టిఫికెట్. తల్లి అంతకు ముందే పోయింది. ఆ తర్వాత కొడుకుల పేరు మీదికి మారిన ఇంటి పన్ను రసీదులు. తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అందులో ఇద్దరు కొడుకుల పేర్లు. వీలునామా లేదు. భాగపంపకం దస్తావేజు లేదు.

మొదట ఆమె వేలు ఆగింది హద్దుల దగ్గర. 1978 దస్తావేజు చెక్కుబందీలో పడమర ‘కాలువ’ అని ఉంది. అన్నదమ్ములు రాయించుకొచ్చిన కొత్త ముసాయిదాలో పడమర ‘ప్రహరీ గోడ’.

“కాలువ యాడికి పోయింది?” అని అడిగింది.

ఎవరూ మాట్లాడలేదు.

“గోడ కాలువ మీదికి జరిగిందేమో సర్వేయరుతో కొలిపించండి. కాలువ పోరంబోకు అయితే అది సర్కారుది. మీకు అమ్మేవాళ్లకు దాని మీద హక్కు లేదు. ఇంకోటి. ఇరవై అంకణాలు అని రాశారు. అంకణం అంటే ఒక ఊళ్లో డెబ్బై రెండు చదరపు అడుగులు, ఇంకో ఊళ్లో ముప్పై ఆరు. మనం నెల్లూరు లెక్క నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చి ఉండాం. రేపు దీన్ని ఎవరు ఏ లెక్కలో చదువుతారో తెలీదు. గజాల్లోనూ రాయించండి.”

ఇరవై అంకణాలు డెబ్బై రెండు లెక్కన 160 గజాలు. ముప్పై ఆరు లెక్కన 80. ఒక్క మాటలో సగం ఇల్లు ఉంది.

తర్వాత ఆమె ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుంది. ఎక్కువసేపు చూసింది.

“వాళ్లకు ఆడపిల్లలు లేరా?”

“ఇద్దరే అన్నారమ్మా.”

“వాళ్ల నాన్న పెద్దకర్మకు కార్డు వేసుంటారు. ఆ వీధిలో ఎవరి దగ్గరైనా ఉంటదేమో అడగండి.”

ఈ పద్ధతి నేను ఏ చట్టం పుస్తకంలోనూ చూడలేదు. కానీ ఆలోచించి చూస్తే తెలుగు ఇళ్లలో ఇంతకన్నా నిజాయితీగల వారసుల జాబితా ఉండదు. ఆఫీసుకిచ్చే అర్జీలో ఒక పేరు వదిలేస్తారు. పెద్దకర్మ కార్డులో వదలరు. వదిలితే బంధువుల్లో గొడవైపోతుంది. కుమారులు, కోడళ్లు, కుమార్తెలు, అల్లుళ్లు, మనవలు, అందరూ వరుసలో ఉంటారు. ఎదురింటి ముసలమ్మ దేవుడి పటాల వెనక నుంచి ఆ కార్డు తీసిచ్చింది. కుమార్తె, అల్లుడు, గుమ్మిడిపూండి. స్పష్టంగా అచ్చయి ఉంది.

అన్నదమ్ములను పిలిపించారు. పెద్దతను ఇబ్బందిగా నవ్వాడు. “మా చెల్లికి పెళ్లప్పుడే అన్నీ ఇచ్చి పంపేశాం లాయరమ్మా. ఆమెకు ఈ ఇంటితో ఏంది సంబంధం? ఆమె అడిగే మనిషి కాదు.”

“ఆమె అడగదు సరే. రేపు ఆమె పిల్లలు అడిగితే? ఇల్లు మీ నాన్న కష్టార్జితం. వీలునామా రాయకుండా పోయారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులకెంతో కూతురికీ అంతే. ఈ ఇంట్లో మూడో వంతు ఆమెది. పెళ్లికి పెట్టిన ఖర్చుకూ దీనికీ సంబంధం లేదు.”

తండ్రి సంపాదించిన ఆస్తి సంగతి ఇది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలోనూ ఆడపిల్లకు పుట్టుకతో వాటా ఉండాలని, దేశంలో అందరికన్నా ముందు అడుగువేసిన రాష్ట్రాల్లో మనదొకటి. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు. ఢిల్లీ అదే పని దేశమంతటికీ చేయడానికి 2005 దాకా పట్టింది. అంత ముందు చట్టం చేసుకున్న మన దగ్గరే, ఇప్పటికీ అమ్మకం దస్తావేజులో అక్కచెల్లెళ్ల సంతకం కనపడకపోతే ఎవరికీ వింతగా అనిపించదు. ఎందరో ఆడపిల్లల మూడో వంతు, నాలుగో వంతు ఇట్లాగే కాగితాల నుంచి జారిపోయింది. కొనేవాడి లాయరు తన పని తాను సరిగా చేస్తే, ఆ ఇంట్లో ఎన్నడూ లెక్కలోకి రాని ఒక మనిషి లెక్కలోకి వస్తుంది. ఈ వృత్తిలో నాకు చాలా విలువైనదిగా కనపడేది ఇదే.

ఇక్కడ కొడుకు ఒక ప్రశ్న వేశాడు. చాలామంది వేసేదే. “లోను బ్యాంకు నుంచి తీసుకుంటున్నాం గదా మేడం. బ్యాంకు వాళ్ల లాయరు ఎట్టాగూ చూస్తాడు. దానికి ఫీజు కూడా మనమే కట్టాలి. మళ్లీ వేరే లాయరెందుకు?”

బ్యాంకు లాయరు క్లయింటు బ్యాంకు. ఆయన ఒపీనియన్ రాసేది మేనేజరు పేరు మీద. బ్యాంకు తన అప్పు వసూలవుతుందా అని చూసుకుంటుంది. మీరు ఆ ఇంట్లో ప్రశాంతంగా బతుకుతారా అన్నది దాని ప్రశ్న కాదు. ఫీజు మీ ఖాతా నుంచి పోయినా సంబంధం మారదు. పైగా ఆ ఒపీనియన్లు ఎంత దూరం పోగలవో చెప్పే కేసు ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగింది. హైదరాబాదు నారాయణగూడలో విజయా బ్యాంకు శాఖ నుంచి 22 మంది పేర్ల మీద ఇంటి రుణాలు మంజూరయ్యాయని, బ్యాంకుకు రూ.1.27 కోట్ల నష్టం వచ్చిందని 2005లో సీబీఐ కేసు పెట్టింది. బ్యాంకు అధికారులతోపాటు ప్యానెల్ న్యాయవాదినీ ముద్దాయిగా చేర్చింది. ఆయన పది రుణాలకు తప్పుడు లీగల్ ఒపీనియన్ ఇచ్చాడని అభియోగం.

ఆ న్యాయవాది కె. నారాయణరావు మీద కేసును 2010లో హైకోర్టు కొట్టేసింది. సీబీఐ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2012 సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు కూడా హైకోర్టుతో ఏకీభవించింది. ఒపీనియన్ తప్పయినంత మాత్రాన లాయరు నేరస్థుడు కాడు. మోసం చేసినవాళ్లతో చేతులు కలిపాడని ఆధారం ఉండాలి. అజాగ్రత్త వల్ల జరిగితే అది వృత్తిపరమైన లోపం, దానికి వేరే దారులున్నాయి. న్యాయంగా చూస్తే ఇది సరైన తీర్పే. ప్రతి పొరపాటుకూ జైలంటే ఏ లాయరూ ఒపీనియన్ రాయడు. అయితే కొనేవాడికి దీంట్లో ఒక హెచ్చరిక ఉంది. ఒపీనియన్ అనేది హామీ పత్రం కాదు. చూపించిన కాగితాల మీద ఒక మనిషి చెప్పిన అభిప్రాయం. అందుకే ఎవరి కోసం చూశాడు, ఏమేం చూశాడు అన్నవి ముఖ్యం.

2024 మే 14న ఇంకో తీర్పు వచ్చింది. లాయరు సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి లాయరు తప్పు చూశాడని వినియోగదారుల కమిషన్‌కు పోలేం. సివిల్ కోర్టులో నిర్లక్ష్యం దావా వేయొచ్చు, బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఆ రెండింటికీ కాగితం కావాలి. లాయరమ్మ ఈ విషయం దాచలేదు. “నా ఒపీనియన్ రాతపూర్వకంగా ఇస్తాను. చదివిన ప్రతి దస్తావేజు నంబరు అందులో ఉంటది. నేను చూడనివి ఏవో కూడా రాస్తాను” అంది. ఫోన్లో ‘అంతా బాగుంది, కొనేయండి’ అని చెప్పే లాయరు దగ్గర డబ్బు మిగిలినట్టు అనిపిస్తుంది. రేపు తేడా వస్తే ఆ మాటకు ఆధారం దొరకదు.

ఫీజు గురించి రెండు మాటలు. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుకు స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. నలభై లక్షల ఇంటికి మూడు లక్షలు సర్కారుకు కడతాం. మధ్యవర్తికి కమీషన్ ఇస్తాం. గృహప్రవేశానికి ఊరందరికీ భోజనం పెడతాం. వీటిలో ఏ ఒక్కటీ ఆ ఇల్లు అమ్మేవాడిదేనా అని చూడదు. చూసే ఒక్క మనిషి ఫీజు దగ్గరే మనం బేరం ఆడతాం.

మధ్యవర్తి ఇంకో సలహా ఇచ్చాడు. “సరే, ఇద్దరికీ ఈమే లాయరు. ఖర్చు సగం సగం.” లాయరమ్మ ఒప్పుకోలేదు. తను కొనేవాళ్ల తరఫు, అమ్మేవాళ్లకు వేరే లాయరు ఉండాల్సిందే అంది. అన్నదమ్ములకు ఇది నచ్చలేదు. డబ్బు తీసుకునేవాళ్లం మేము, మాకు లాయరెందుకు అన్నారు.

అమ్మేవాడికీ లాయరు కావాలి, అది కూడా బయానా తీసుకోకముందే. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, హక్కులో తనకు తెలిసిన లోపాలను అమ్మేవాడు కొనేవాడికి చెప్పాలి. దాచి అమ్మితే రేపు దావా వచ్చేది అతని మీదికే. అన్నదమ్ములు చెల్లెలి పేరు దాచి అమ్మి ఉంటే, ఆమె పిల్లలు పదేళ్ల తర్వాత దావా వేసినా మొదట చిక్కుల్లో పడేది వాళ్లే. అగ్రిమెంటులో గడువు ఎంత, కొనేవాడి లోను రాకపోతే బయానా ఏమవుతుంది, పూర్తి డబ్బు అందకుండా తాళాలు ఇవ్వాలా... ఇవన్నీ అమ్మేవాడికి సంబంధించినవే. కొందరు సగం డబ్బు తీసుకుని ఇల్లు అప్పగిస్తారు. ఇంకొందరు పని తొందరగా అయిపోతుందని జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద సంతకం పెడతారు. జీపీఏతో హక్కు మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది గానీ, ఆ కాగితం ఎవరి చేతిలోకో పోయాక దాన్ని వెనక్కి తెచ్చుకునే తిప్పలు మాత్రం అమ్మినవాడివే. వారం తర్వాత అన్నదమ్ములు ఇంకో లాయరును పెట్టుకున్నారు. ఆయన మొదట చెప్పిందీ అదే, చెల్లెల్ని పిలిపించమని.

ఆ మధ్యలో కొనేవాళ్ల తరఫున ఒక తెలుగు దినపత్రికలో ప్రకటన వేశారు. ఫలానా ఇల్లు కొంటున్నాం, అభ్యంతరాలుంటే గడువులోగా తెలపండి అని. ఎవరూ రాలేదు. సర్వేయరు కొలిచాడు. గోడ నిజంగానే కాలువ వైపు రెండడుగులు జరిగి ఉంది. ఆ మేరకు విస్తీర్ణం తగ్గించి రాశారు, ధరా తగ్గింది. 22-ఏ జాబితాలో సర్వే నంబరు లేదు. పాత పుస్తకాల్లో 1983కు ముందు తాకట్టు ఒకటి కనపడింది, తీర్చేసిన రసీదూ దొరికింది.

ఇంత వెతుకులాట అవసరం లేకుండా సర్కారే హక్కుకు హామీ ఇస్తే బాగుండేది కదా అని అడిగేవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్ ఆ ప్రయత్నం చేసింది. భూహక్కు చట్టం-2022 తెచ్చింది. హక్కు తేల్చే పని కోర్టుల నుంచి అధికారుల చేతికి పోతుందని న్యాయవాదులు రాష్ట్రమంతటా కోర్టులు బహిష్కరించి ఆందోళన చేశారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ చట్టం రద్దయింది. ఎవరి వాదన ఎంత సరైందో ఇక్కడ తేల్చలేం. ఇల్లు కొనేవాడి పరిస్థితి మాత్రం ఎప్పటిదే. హామీ లేదు, వెతుక్కోవాలి. గంగాలక్ష్మి ఆస్తి మీద ఆ రద్దు దస్తావేజు రిజిస్టరైన తర్వాత ఒక్క రక్షణ మాత్రం స్థిరపడింది. రద్దు దస్తావేజు రిజిస్టరు చేయాలంటే అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ రావాలి, లేదా కోర్టు ఉత్తర్వు ఉండాలి అని మన రాష్ట్ర నిబంధనల్లో 26వ రూలు చెబుతుంది. 2016లో మధ్యప్రదేశ్ కేసు విన్నప్పుడు, గంగాలక్ష్మి తీర్పుకు ఆధారం ఆంధ్రప్రదేశ్‌లోని ఈ రూలేనని సుప్రీంకోర్టు వేరుచేసి చూపింది. 2005లో ఆమెకు దొరకని అడ్డుగోడ ఇప్పుడు ఉంది.

రిజిస్ట్రేషన్ రోజు చెల్లెలు గుమ్మిడిపూండి నుంచి లోకల్ రైల్లో వచ్చింది, భర్తను వెంటబెట్టుకుని. అన్నలు స్టేషన్‌కు వెళ్లి తీసుకొచ్చారు. ముగ్గురి వాటాకు మూడు చెక్కులు, ఎవరి పేరు మీద వాళ్లవి. రైటరు దస్తావేజు ప్రింటు తీసి తెచ్చాడు. అందరూ పెన్నులు తీశారు.

“ఆగండి,” అంది లాయరమ్మ. మొదటి పేజీ నుంచి చదివింది. అమ్ముకున్నవారు అన్నచోట రెండే పేర్లున్నాయి. పేజీలు తిప్పింది. చివర, సాక్షుల పైన, ‘నిరభ్యంతరం తెలిపినవారు’ అన్న మాట కింద చెల్లెలి పేరుంది.

“ముసాయిదాలో ఇట్లా లేదు గదా.”

పెద్దన్న రైటరు వైపు చూశాడు. రైటరు పెద్దన్న వైపు చూశాడు.

“ఏముందిలే అమ్మా, సంతకం అయితే పెడుతుంది గదా” అన్నాడు మధ్యవర్తి.

“అభ్యంతరం లేదనడం వేరు, అమ్మడం వేరు. తనకు వాటా ఉండి అమ్ముతున్న మనిషి ఆమె. రేపు ఈ పదం పట్టుకుని, నా హక్కు నేను అమ్మలేదు, ఊరికే అడ్డు చెప్పలేదంతే అని ఎవరైనా వాదిస్తే నా క్లయింటు పరిస్థితి ఏంది?” లాయరమ్మ చెల్లెలి వైపు తిరిగింది. “చదివావా అమ్మా?”

“చదవలేదండి. అన్న పెట్టమన్నచోట పెడదామనుకున్నా.”

“చదువు.”

ఆమె పేటలోనే పదో తరగతి దాకా చదివింది. నిలబడే మొత్తం చదివింది. తన పేరు దగ్గర వేలు పెట్టి, “నన్నూ మా అన్నల పక్కనే రాయండి” అని రైటరుకు చెప్పింది.

మొదటి పేజీ, చివరి పేజీ మళ్లీ తీయాల్సి వచ్చింది. అమ్ముకున్నవారు ముగ్గురు అని రాశారు. ఆమె మూడోచోట సంతకం చేసి, వేలిముద్ర వేసి, చెక్కు మీద తన పేరు సరిగా ఉందో లేదో చూసుకుని పర్సులో పెట్టుకుంది.